ఎత్తొద్దు, మోగనీ

మా ఇంట్లో ఫోను మోగితే ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కొత్తగా వచ్చిన చుట్టాలు కంగారుపడి, "ఫోను మోగుతుందమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పేవాళ్లు. మా అమ్మ తాపీగా బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "మోగనీయుండ్రి, అదే ఆగుతది" అనేది. చుట్టాలు మమ్మల్ని వింతగా చూసేవాళ్లు. ఎందుకంటే మాది మామూలు ఇల్లు కాదు, ఎస్టీడీ బూతు. ఫోను మీద బతికే ఇంట్లోనే ఫోను ఎత్తకపోతే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాల మాట ఇది. ఏన్కూరు దాటి అడవి అంచుకు వెళ్లే రోడ్డు మీద మా ఊరు. నాన్న ఇల్లందు బొగ్గుబాయిలో పని చేస్తూ వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంటికీ బూతుకీ అమ్మే యజమాని. ముందుగదిలో ఒక మూల అద్దాల గది, అందులో ఒక ఫోను, పైన ఎర్రటి అంకెలు పరుగెత్తే మీటరు. గది బయట బల్ల మీద ఇంకో ఫోను. దాని పక్కన కుర్చీలో అమ్మ. గోడకు చర్చివాళ్లిచ్చిన వాక్యాల క్యాలెండరు. ఇంతే మా వ్యాపారం.

చుట్టుపక్కల ఇంకెక్కడా ఫోను లేదు కాబట్టి మా నంబరే అందరి నంబరు. పెళ్లి శుభలేఖల మీద మా నంబరు, ఉద్యోగాల దరఖాస్తుల్లో మా నంబరు, దమ్మపేటలో పిల్లనిచ్చిన ఇళ్ల గోడల మీద బొగ్గుతో మా నంబరు. పక్కన చిన్నగా "పీపీ" అని రాసేవాళ్లు. అంటే ఫోను పక్కింటిది, మనిషిని పిలిపించాలి అని. ఫలానా వాళ్లను పిలవండి అని ఫోను వస్తే అమ్మ రోడ్డు మీదికి వచ్చి ఒక కేక వేసేది. ఆ కేక అందినంత మేర మాదే సర్వీసు. అది అందని చోటికి సైకిలు మీద ఎవరు పోతుంటే వాళ్లతో కబురు పంపేది. ఇంతా చేస్తే పిలిచినందుకు ఒకరు బీరకాయలు, ఒకరు రెండు కొబ్బరి చిప్పలు పెట్టి పోయేవాళ్లు. అమ్మ వద్దనేది కాదు.

అమ్మ కోపమంతా ఉత్త మోతల మీదే. చేరగానే ఒక మోత ఇయ్యి, నేను ఎత్తను, చేరినట్టు తెలుసుకుంటా అని ఊరు ఊరంతా ఒప్పందాలు చేసుకుంది. అల్లుడు క్షేమంగా చేరితే ఒక మోత. మేస్త్రీకి పని దొరికితే ఒక మోత. ఎత్తితే అవతలివాడి రూపాయి పోతుంది, ఎత్తకపోతే అందరి పనీ అవుతుంది, ఒక్క మాకు తప్ప. "మాట్లాడితే నాకు మీటరు తిరుగుతది. మోగితే ఏమొస్తది, చెవులు గింగురుమనుడు తప్ప" అని అమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే, ఏ మోత ఎవరిదో, ఏ వేళకు ఎవరు చేస్తారో గుర్తుపెట్టుకుని వాళ్లకు చెప్పి పంపేది. ఊళ్లో వాళ్లకు అమ్మ నోరూ తెలుసు, మనసూ తెలుసు. అందుకే నోటిని ఎవరూ పట్టించుకోలేదు.

నేను అప్పుడు డిగ్రీ చదువుతూ, పరీక్షల సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఎకనామిక్స్‌లో తప్పకుండా వస్తుందని మా లెక్చరరు గుర్తు పెట్టిన ప్రశ్న ఒకటుంది: జాతీయ ఆర్థిక వ్యవస్థలో సమాచార రంగం పాత్రను వివరించుము. గైడులో దానికి పేజీల కొద్దీ జవాబు. పెట్టుబడులు, ఉపాధి, మార్కెట్ల అనుసంధానం. ఒకరోజు అది బయటికి చదువుతుంటే అమ్మ విని, "అంటే మన బూతు గురించేనా?" అంది. అవునన్నాను. "మరి ఉత్త మోతల గురించి రాసిండ్రా?" లేదన్నాను. "రాసినాయన ఎన్నడన్న బూతు నడిపిండా?" అని లేచి వంటింట్లోకి పోయింది. నాకు నవ్వొచ్చింది గాని, పరీక్షకు మాత్రం గైడులో ఉన్నదే బట్టీ పట్టాను.

ఆ ఉత్త మోతలన్నిటిలో పెద్దది మిర్చి మోత. అది మా గూడెం చిన్నమ్మది.

చిన్నమ్మ మాకు రక్త సంబంధం కాదు. అడవి లోపలి కోయగూడెం మనిషి. సంతలో చింతపండు అమ్ముతూ అమ్మతో బేరం దగ్గర పోట్లాడి, ఆ పోట్లాటలోనే దోస్తు అయ్యింది. అమ్మను "అక్కా" అనేది, అమ్మ "చెల్లె" అనేది, కాబట్టి నాకు చిన్నమ్మ. వాళ్ల వేల్పులు వేరు, మా చర్చి వేరు. అది ఎప్పుడూ అడ్డం రాలేదు. వచ్చినప్పుడల్లా గంపలో తేనో, అడవి గడ్డలో తెచ్చేది. వచ్చి గడప మీద కూర్చునేది. ఎంతమంది ఫోను మాట్లాడి పోతున్నా తను మాత్రం ఒక్కసారి కూడా ఫోను ముట్టుకోలేదు. "మనిషి మొఖం కనపడకుండ ఏం మాట్లాడుతం అక్కా. వాడు నవ్వుతున్నడో ఏడుస్తున్నడో ఎట్ల తెలుస్తది?" అనేది.

ఆ ఏడు చిన్నమ్మ మొండికేసి చేనంతా మిర్చి పెట్టింది. అంతకు ముందు రెండేళ్లు పంట కలిసిరాక, చేను కౌలుకిచ్చి ఇల్లందు పోయి కూలి చేసుకుందామని ఆమె పెనిమిటి అన్నాడట. ఆమె ఒప్పుకోలేదు. "ఈ ఒక్క ఏడు చూడు. మిర్చి సరిగ్గ పోకుంటే నువ్వన్నట్టే చేను ఇచ్చేసి నీ ఎంబడే వస్త" అని మాటిచ్చింది. ఆ సంగతి అమ్మకు చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు. ఆ చేనుకు చెట్లు కొట్టి, మోళ్లు పీకి, రాళ్లేరింది తనే. దాన్ని ఇంకొకడి చేతిలో చూడటం ఆమెకు చావుతో సమానం.

ఆమె తమ్ముడు ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ. యార్డులో పొద్దున్నే జెండా పాట అవుతుంది. వ్యాపారులంతా గుమిగూడి మొదటి మంచి సరుకును వేలంలో పాడతారు, ఆ పాటతో ఆ రోజు ధర ఎట్లా ఉందో తేలుతుంది. పాట అవ్వగానే తమ్ముడు టీకొట్టు దగ్గరున్న రూపాయి డబ్బా ఫోను నుంచి మా నంబరు కొట్టాలి. ఒక మోత ఇచ్చి ఆపేస్తే, ధర బాగాలేదు, సరుకు తేవద్దు అని. ఆపి, మళ్లీ ఇంకోసారి మోగిస్తే, సాయంత్రం బస్తాలు ఎత్తుకుని రమ్మని. ఇటు ఎవరూ ఎత్తకపోతే అతని రూపాయి డబ్బాలోంచి తిరిగి చేతికి వస్తుంది. ఆ ఒక్క బిళ్లతోనే అతను ఆ ఎండాకాలం చాలా రోజులు నడిపాడని నా అనుమానం.

మిర్చి మోత వేళకు మా బూతు చర్చిలో ప్రార్థన జరిగేటప్పటిలా ఉండేది. చిన్నమ్మ పొద్దున్నే నడిచొచ్చి గడప మీద కూర్చునేది. అమ్మ ఎవరినీ ఫోను ముట్టనిచ్చేది కాదు. ఒకరోజు అత్తగారింటికి ఫోను చెయ్యాలని ఒకాయన వస్తే, "జర ఆగు బావా, మిర్చి మోగాలె" అంది. ఆయనకూ అర్థమైంది. బీడీ ఆర్పేసి ఆయనా కూర్చున్నాడు. ఫోను మోగింది. ఆగింది. అందరం రెండో మోత కోసం చూశాం. రాలేదు. చిన్నమ్మ కొంగు దులుపుకుని, "రేపు చూద్దాం" అని లేచింది. ఫోను చెయ్యాల్సిన బావ ముఖం కూడా చిన్నబోయింది.

అట్లా చాలా రోజులు ఒకే మోత. గూడెంలో కళ్లం నిండా మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. ఆకాశం చూస్తే అడవి మీద మబ్బులు కమ్ముకొస్తున్నాయి. వానలో తడిస్తే మిర్చి నల్లబడి ఎందుకూ పనికిరాదు. దానికి తోడు, గూడేలు తిరిగి సరుకు కొనే బేరగాడు కాంటా, వ్యాను వేసుకుని దిగాడు. "ఖమ్మంల ధర మొత్తం పడిపోయింది. నాకిస్తే ఇక్కడికిక్కడే పైసలు. ఇయ్యాలొక్కరోజే, రేపు నేను రాను" అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. మాట మంచిది, పిల్లలకు బిస్కట్లు పెట్టేవాడు. ఖమ్మంలో ధర ఆయనకు తెలుసు, గూడేనికి తెలియదు. ఆ తేడా మీదే ఆయన ఇల్లు గడిచేది. రానన్నవాడే మర్నాడు పొద్దున కూడా మా ఎదురుగా హోటల్ బల్ల మీద టీ తాగుతూ, చిన్నమ్మ ఏ సంగతి చెబుతుందా అని చూస్తున్నాడు.

సరిగ్గా ఆ పొద్దునే మా ఇంటికి అయ్యగారు వచ్చారు. అంటే పాస్టరు గారు. భద్రాచలం వైపు నుంచి మోటారుసైకిలు మీద అప్పుడప్పుడూ వచ్చి ఇళ్లల్లో ప్రార్థనలు చేసిపోయేవారు. తెల్ల చొక్కా, మెత్తని మాట. ఆయనకు మర్యాద ఎక్కువ, మా ఊరి పద్ధతులు తక్కువ తెలుసు. అమ్మ ఆయన్ని బల్ల దగ్గర తన కుర్చీలోనే కూర్చోబెట్టి ఉప్మా చెయ్యడానికి లోపలికి పోయింది. నేను గైడు పట్టుకుని ఒక మూల ఉన్నాను. చిన్నమ్మ గడప మీద ఉంది.

ఫోను మోగింది.

చిన్నమ్మా నేనూ కొయ్యబారి దానివైపే చూస్తున్నాం. అయ్యగారు నన్ను చూశారు, ఆమెను చూశారు. పాపం, ఏదో చెడ్డ కబురుకు భయపడుతున్నారు వీళ్లు అనుకున్నారట. మనకు ధైర్యం చెప్పేది ఆయనే కదా. చెయ్యి చాపి ఫోను ఎత్తి, నిండు గొంతుతో, "వందనాలండీ. దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అన్నారు.

అటు నుంచి ఎవరో దగ్గిన చప్పుడు వచ్చిందట, అంతే, పెట్టేశారట. అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"అయ్యగారూ, ఎందుకెత్తిండ్రు?"

"మోగుతుంది కదమ్మా."

"మోగనీకే మోగుతుంది అయ్యగారూ."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నేను విడమరచి చెబితే ఆయన ముఖంలో రక్తం లేదు. ఇక అప్పుడు మొదలైంది మా తర్జనభర్జన. ఇప్పుడు వచ్చింది మొదటి మోత. దీని తర్వాత ఇంకోటి ఉండేదా, ఉండేది కాదా? మళ్లీ మోగడం లేదంటే ధర బాగాలేదనా, లేక రూపాయి డబ్బా మింగేసింది కాబట్టి మళ్లీ కొట్టడానికి అతని దగ్గర బిళ్ల లేదనా? హోటల్ వాడు వచ్చి తన అభిప్రాయం చెప్పాడు. బావ వచ్చి ఇంకోటి చెప్పాడు. ఎదురుగా బేరగాడు గ్లాసు కింద పెట్టి లేచి, "ఏంది మరి, కాంటా తీయమంటవా?" అని అడిగాడు. చిన్నమ్మ మబ్బు వైపు చూసింది, వ్యాను వైపు చూసింది. నాకు చాలా భయమేసింది. ఒక్క తలూపుతో చేను పోతుంది.

అమ్మ గరిటె నా చేతికిచ్చి, "చెల్లె, లోపలికి రా. నీ తమ్మునితోని మాట్లాడు" అంది. టీకొట్టు డబ్బా ఫోను నంబరు అమ్మకు నోటికి వచ్చు.

"నేనా? నువ్వడుగక్కా."

"నేనడిగితే నువ్వు బాధపడతవని మంచిగనే ఉందంటడు. నువ్వడిగితే ఉన్నదున్నట్టు చెప్తడు. దా."

చిన్నమ్మ అద్దాల గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోయింది. అమ్మ నంబరు కలిపి, ఎత్తిన టీకొట్టాయనకు సంగతి చెప్పి, ఫోను ఆమె చేతిలో పెట్టింది. ఆయన ఫోను అట్లాగే వదిలేసి తమ్ముణ్ని పిలవడానికి పోయాడు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతున్నాయి. చిన్నమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుని కళ్లు మూసుకుని వింటోంది. ఆమె ఎన్నడూ ఆ యార్డుకు పోలేదు. సరుకు పెనిమిటి తీసుకుపోయేవాడు, లేకపోతే బేరగాడు కొనేవాడు. కాసేపటికి ఆమె ముఖంలో నవ్వు కనపడింది.

"అక్కా, అందరు దగ్గుతున్రు" అంది తలుపు సందులోంచి. "మస్తుమంది. ఒకటే తుమ్ముడు, ఒకటే దగ్గుడు. మా కళ్లంల లెక్కనే ఉంది."

అంతలో తమ్ముడు వచ్చాడు. ఆమె వాళ్ల భాషలో మాట్లాడింది. మాకు అర్థమైంది "జెండా" అన్న ఒక్క మాటే. మధ్యలో తిట్టింది, మధ్యలో నవ్వింది. ముఖం కనపడకపోతే ఏం మాట్లాడుతమన్న మనిషి ఫోను పెట్టడానికి ఇష్టపడలేదు. మీటరు చూసి నేనే తలుపు కొట్టాను.

బయటికి వచ్చి, "పాట లేసిందట, ధర మంచిగుందట. రెండు మోతలే ఇద్దామనుకున్నడట. ఎవరో దేవుని మాటలు చెప్తే రాంగ్ నంబరనుకుని భయపడి పెట్టేసిండట. బిళ్ల పోయిందని ఇంకా ఏడుస్తున్నడు" అంది. అయ్యగారు తల దించుకున్నారు. చిన్నమ్మ నడుము దగ్గరి సంచి విప్పి మీటరు చూపించినంతా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కూడా మొహమాటపడకుండా తీసుకుంది. ఫోను ఫోనే, చెల్లె చెల్లే. పైసలిచ్చేటప్పుడు చిన్నమ్మ ముఖంలో గర్వం చూశాను. ఇన్నాళ్లూ ఉత్త మోతల మనిషి, ఇప్పుడు మా బూతు గిరాకీ.

బేరగాడు రోడ్డు దాటి వచ్చాడు. "మాట్లాడినవా?"

"అవ్. నేను ఖమ్మం పోత."

"ఎందుకమ్మా గంత దూరం, వానొస్తుంది. ఇంకొంచెం ఎక్కువ ఇస్త, నాకే ఇయ్యి."

"నిన్న గీ ఎక్కువ యాడుండె?" అంది చిన్నమ్మ.

ఒక్క ఫోను కాలుతో మా వీధిలో ధర కదిలింది. గైడులో పేజీల కొద్దీ ఉన్న సంగతి ఇదేనా అని నాకు అప్పుడు తట్టింది. చదివినప్పటి కంటే చూసినప్పుడు సంతోషంగా ఉంది.

ఇక జల్దీ జల్దీగా పనులు. ట్రాలీ ఆటో మాట్లాడారు. వానకు మా ఇంటి మీద కప్పే పరదా అమ్మ తీసిచ్చింది. అయ్యగారు తన తప్పు దిద్దుకోవాలని మోటారుసైకిలు మీద చిన్నమ్మను ఎక్కించుకుని గూడెం పోయి, స్వయంగా మిర్చిని బస్తాల్లో తొక్కి, మూతులు కట్టి, పరదా తాళ్లు బిగించి వచ్చారు. తెల్ల చొక్కా ఎర్రగా అయింది. ఆ ఆదివారం ప్రసంగంలో ఆయన తుమ్మినన్ని సార్లు మేము ఆమెన్ అనలేదు.

ఆటోలో బస్తాల మీద పెనిమిటి, డ్రైవరు పక్కన చిన్నమ్మ. ఈసారి తనూ పోతానంది. మా ఇంటి ముందు ఆపి, "అమ్ముడుపోంగనె మోత ఇస్త. మంచిగ పోతే రెండు, లేకుంటే ఒకటి. ఎత్తకుండ్రి. అయ్యగారిని గిట్ల కూసోనియ్యకుండ్రి" అని చెప్పి పోయింది. ఆటో మలుపు తిరిగే లోపలే చినుకులు మొదలయ్యాయి. పాట లేచినా, సరుకు తడిస్తే ఆ ధర ఆమెది కాదు. అమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ వాన. అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఫోను తుడిచిందే తుడిచింది. ఫోను చెయ్యాలని వచ్చిన బావ, అడగకుండానే పోయి గడప మీద చిన్నమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. నేను గైడు తెరిచాను గాని ఒక్క ముక్క ఎక్కలేదు.

ఫోను మోగింది. ఒకటి. ఆగుతుందని చూశాం. ఆగలేదు. మోగుతూనే ఉంది. ఒప్పందంలో ఇట్లాంటి మోత లేదు. ఒకటంటే ఒకటి, రెండంటే రెండు. ఇదేమిటో ఎవరికీ తెలియలేదు. బావ లేచి నిలబడ్డాడు. అమ్మ చెయ్యి ఫోను దాకా పోయి, అలవాటు కొద్దీ వెనక్కి వచ్చింది.

"ఎత్తమ్మా" అన్నాను. "మాట్లాడాలని చేస్తున్నట్టుంది."

అమ్మ ఎత్తింది. అటు దగ్గులు, కేకలు నాకూ వినపడ్డాయి. వాటి మధ్య చిన్నమ్మ గొంతు, మా ఇంట్లో నిలబడి మాట్లాడుతున్నంత గట్టిగా.

"అక్కా, నేనే. తడవలే. మంచిగ పోయింది. చేను ఎవరికీ ఇయ్య."

అమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "మరి రెండు మోతలిస్తే సాలు గదనే, రూపాయి దండగ" అంది ఎప్పటిలా కసిరినట్టే.

"సాలు గని, నీ మాట ఇనాలనిపిచ్చింది అక్కా. ఇంకో సంగతి..."

అక్కడికి ఆమె రూపాయి అయిపోయింది. లైను తెగిపోయిన కూత నాకు వినపడుతూనే ఉంది. అమ్మ మాత్రం ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని, "చెప్పు చెల్లె, ఇంటున్న" అంది.